ప్రింటరు పలకడం లేదా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. వైఫై ఉన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొని ఏడాదిన్నర అయింది. ఈమధ్య కరెంటు పోయి వచ్చిందంటే చాలు, కంప్యూటర్లో ‘ఆఫ్‌లైన్’ అని పడుతోంది. ఫోన్ నుంచి పంపితే మాత్రం చక్కగా వస్తోంది. ప్రింటర్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. లోపం ప్రింటర్లోనా, కంప్యూటర్లోనా?
– ఒక ఉపాధ్యాయిని, కావలి

జ: రెండింట్లోనూ లేదు. ఆ రెంటి మధ్య ఉన్న అడ్రసులో ఉంది. ఫోన్ నుంచి వస్తోందని మీరు రాశారు చూడండి, ఆ ఒక్క మాటతో సగం పని తేలిపోయింది. అందుకే ప్రింటర్ ఆగిందని రాసే వారందరినీ మేము ముందు అడిగేది ఇదే: కంప్యూటర్ ప్రమేయం లేకుండా ప్రింటర్ తనంతట తాను ఒక కాగితం వేయగలుగుతోందా? స్కానర్ ఉన్న ప్రింటర్ అయితే అద్దం మీద ఏదైనా కాగితం పెట్టి కాపీ బటన్ నొక్కండి. కాపీ వచ్చిందా, ప్రింటర్ బాగున్నట్టే. ఇంక కేబులో, వైఫైయో, డ్రైవరో (కంప్యూటర్ ప్రింటర్‌తో మాట్లాడటానికి వాడే ప్రోగ్రాము) చూసుకోవాలి. కాపీ కూడా రాకపోతే కంప్యూటర్లో ఎన్ని సెట్టింగులు మార్చినా ఉపయోగం ఉండదు.

మీ ఇంట్లో జరుగుతున్నది ఇది. రౌటర్ తనకు తగులుకున్న ప్రతి పరికరానికీ ఒక నంబరు ఇస్తుంది, ఉదాహరణకు 192.168.1.6. ఆ నంబరు కొంతకాలానికి ఇచ్చే అద్దె ఇల్లు లాంటిది. కరెంటు పోయి రౌటర్ మళ్లీ లేచాక నంబర్లు మళ్లీ పంచుతుంది. నిన్న 6 ఉన్న ప్రింటర్‌కు ఇవాళ 9 రావచ్చు, ఆ 6 మీ టీవీకి పోవచ్చు. ఫోను ప్రింట్ ఇచ్చిన ప్రతిసారీ చుట్టుపక్కల ప్రింటర్ ఎక్కడుందని కొత్తగా వెతుక్కుంటుంది. కంప్యూటర్ చాలాసార్లు పాత నంబరు దగ్గరే నిలబడి పిలుస్తూ ఉంటుంది. అక్కడ ఎవరూ పలకరు కాబట్టి ‘ఆఫ్‌లైన్’ అంటుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు కొత్త నంబరు దొరుకుతుంది, ఇంకోసారి కరెంటు పోయేదాకా పని జరుగుతుంది.

కాబట్టి ప్రింటర్‌కు సొంత ఇల్లు కట్టాలి. మొదట దాని ఇప్పటి నంబరు కనుక్కోండి. స్క్రీన్ ఉన్న ప్రింటర్ అయితే నెట్‌వర్క్ సెట్టింగుల్లో కనిపిస్తుంది. స్క్రీన్ లేని వాటిలో నెట్‌వర్క్ వివరాల కాగితాన్ని ప్రింట్ చేసే పద్ధతి ఒకటి ఉంటుంది, ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో ప్రింటర్‌తో వచ్చిన పుస్తకంలో చూడండి. ఆ కాగితం మీద నంబరు 169.254 తో మొదలైతే అసలు రౌటర్ దానికి నంబరే ఇవ్వలేదని అర్థం, ముందు వైఫైకి మళ్లీ కలపాలి. మామూలు నంబరే ఉంటే, దాని పక్కనే ఉండే మ్యాక్ అడ్రసును కూడా రాసుకోండి. రెండేసి చొప్పున ఆరు జతల అంకెలు, అక్షరాలు ఉంటాయి.

ఇప్పుడు బ్రౌజర్లో రౌటర్ పేజీ తెరవండి. చాలా రౌటర్లకు 192.168.1.1 ఉంటుంది, జియో వాటికి 192.168.29.1. పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, లేదంటే కనెక్షన్ ఇచ్చిన వారిని అడగండి. అందులో డీహెచ్‌సీపీ అనే చోట ‘అడ్రస్ రిజర్వేషన్’ అనో, ‘స్టాటిక్ లీజ్’ అనో, ‘ఐపీ మ్యాక్ బైండింగ్’ అనో ఉంటుంది. మూడూ ఒకటే. ప్రింటర్ మ్యాక్ అడ్రసు, దానికి శాశ్వతంగా ఇవ్వాల్సిన నంబరు వేసి సేవ్ చేయండి. ప్రింటర్ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి.

తర్వాత కంప్యూటర్ వంతు. విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్, మీ ప్రింటర్, ప్రింటర్ ప్రాపర్టీస్, అందులో పోర్ట్స్ అనే ట్యాబ్. పోర్టు అంటే కంప్యూటర్ ప్రింటర్‌కు పని పంపే దారి. టిక్ పెట్టి ఉన్న వరుస ‘డబ్ల్యూఎస్‌డీ’ అని మొదలైతే, అది విండోస్ తనంతట తాను వెతికి పెట్టుకున్న దారి, తరచుగా తప్పిపోయేది అదే. ‘యాడ్ పోర్ట్’ నొక్కి ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ ఎంచుకుని ప్రింటర్ నంబరు టైపు చేయండి. పరికరం రకం అడిగితే ‘జనరిక్ నెట్‌వర్క్ కార్డ్’ అని ఉంచేయండి. టిక్ కొత్త పోర్టు మీద పడిందో లేదో చూసుకుని అప్లై చేయండి. అదే చోట ‘కాన్ఫిగర్ పోర్ట్’ లోపల ‘ఎస్‌ఎన్‌ఎమ్‌పీ స్టేటస్ ఎనేబుల్డ్’ అన్న టిక్ తీసేయండి. ఆ టిక్ ఉంటే విండోస్ ప్రింటర్‌ను ‘ఎలా ఉన్నావు’ అని అడుగుతుంది, కొన్ని ఇంటి ప్రింటర్లు ఆ ప్రశ్నకు జవాబివ్వవు. జవాబు రాకపోతే విండోస్ బాగున్న ప్రింటర్‌ను కూడా ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. స్కానింగ్ మాత్రం ఈ పోర్టు మీద నడవదు. దానికి ప్రింటర్ కంపెనీ స్కాన్ ప్రోగ్రామ్‌లో ఇదే నంబరు విడిగా ఇవ్వాలి.

ఇంకో సంగతి. కరెంటు రాగానే ప్రింటర్ అర నిమిషంలో లేస్తుంది, రౌటర్‌కు రెండు మూడు నిమిషాలు పడుతుంది. వైఫై దొరక్క ప్రింటర్ అలాగే ఉండిపోవచ్చు. రౌటర్ దీపాలు నిలకడగా వెలిగాకే ప్రింటర్ బటన్ నొక్కండి. కొత్త రౌటర్ పెట్టించుకున్న వారికి మరో చిక్కు: ఇంటి ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి. రౌటర్లో ఆ బ్యాండ్ ఆపేసి ఉంటే ప్రింటర్‌కు మీ వైఫై పేరే కనిపించదు.

ప్ర: రికార్డు ప్రింట్ ఇస్తే మధ్యలో ఆగింది. క్యూలో దాన్ని డిలీట్ కొడితే రెండు రోజులుగా ‘డిలీటింగ్’ అనే ఉంది. దాని వెనక ఏది పంపినా కదలడం లేదు. కంప్యూటర్ ఆపి వేసినా అంతే.
– డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జ: ప్రింట్ ఇచ్చిన ఫైలు నేరుగా ప్రింటర్‌కు పోదు. స్పూలర్ అనే సర్వీసు దాన్ని డిస్క్ మీద దాచుకుని వరుసలో పంపుతుంది. పంపుతుండగా కేబుల్ కదిలినా, కాగితాలు అయిపోయినా, ప్రింటర్ ఆగినా ఆ దాచిన ఫైలు సగంలో ఇరుక్కుంటుంది. స్పూలర్ దాన్ని పట్టుకుని ఉంది కాబట్టి డిలీట్ కాదు. డిస్క్ మీద ఉంది కాబట్టి కంప్యూటర్ ఆపి వేసినా పోదు.

ముందు ప్రింటర్ ఆపి, ప్లగ్ తీసి, అర నిమిషం ఉంచండి. సగం పని ప్రింటర్ సొంత మెమరీలో కూడా మిగిలి ఉంటుంది, అది పోవాలి. ఇది చేయకుండా క్యూ ఒక్కటే ఖాళీ చేసిన వారికి తర్వాత అర్థంకాని గుర్తులతో పది పదిహేను కాగితాలు వృథా అవుతుంటాయి. తర్వాత స్టార్ట్ మెనూలో ‘సర్వీసెస్’ అని వెతికి తెరవండి. ‘ప్రింట్ స్పూలర్’ మీద కుడి క్లిక్ చేసి స్టాప్ నొక్కండి. ఆ కిటికీ అలాగే ఉంచి, సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డర్ తెరవండి. అనుమతి అడిగితే కంటిన్యూ చేయండి. లోపల ప్రతి పనికీ జంటగా రెండు ఫైళ్లు, ఒకటి ఎస్‌పీఎల్, ఒకటి ఎస్‌హెచ్‌డీ, ఉంటాయి. అన్నిటినీ తీసేయండి. ఫోల్డర్ జోలికి మాత్రం పోవద్దు. మళ్లీ సర్వీసెస్ కిటికీలో స్పూలర్‌ను స్టార్ట్ చేసి, ప్రింటర్ వేసి, ముందు ఒక్క పేజీ పంపి చూడండి.

స్టార్ట్ చేసిన స్పూలర్ దానంతట అదే మళ్లీ ఆగిపోతుంటే ఫైలు తప్పు కాదు, డ్రైవర్ చెడింది. ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీలోనే ‘ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్’ ఉంటుంది. డ్రైవర్స్ ట్యాబ్‌లో మీ మోడల్‌ను ‘డ్రైవర్ అండ్ డ్రైవర్ ప్యాకేజ్’ అనే ఎంపికతో తీసేసి, కంపెనీ సైటు నుంచి కొత్తది వేయండి. పైపైన ప్రింటర్ బొమ్మను రిమూవ్ చేస్తే చెడిన డ్రైవర్ లోపలే ఉండి మళ్లీ అదే ఎక్కుతుంది.

యూఎస్‌బీ ప్రింటర్ ఎవరూ ఏమీ పంపకుండానే ‘పోస్ట్ ఐపీపీ ప్రింట్’ అంటూ ఇంగ్లిషు ముక్కలు అచ్చు వేస్తోందా? దానికి ఈ చిట్కా పనికిరాదు. అది 2025 జనవరి చివర్లో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ వల్ల వచ్చిన తప్పు, మార్చిలో వచ్చిన అప్‌డేట్‌తో సరిచేశారు. విండోస్ అప్‌డేట్ పూర్తి చేసుకుంటే చాలు.

ప్ర: గది సర్దుతూ కంప్యూటర్ బల్ల జరిపాం. అప్పటినుంచి ప్రింటర్ పేరు పక్కన ‘కాపీ 1’ అని ఇంకోటి వచ్చింది. పాత దానికి పంపితే రాదు, కొత్త దానికి పంపితే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి మధ్యలో ఆగుతుంది. మా బావగారు పొడుగు కేబుల్ ఇచ్చారు, బీరువా వెనకనుంచి లాగాం.
– గృహిణి, పొదిలి

జ: మీవి రెండు వేర్వేరు తగాదాలు. కేబుల్ ఇదివరకు ఉన్న రంధ్రంలో కాకుండా వేరే దాంట్లో పెట్టారు. విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని ఇంకో పేరు పెట్టింది. పాత పేరు యూఎస్‌బీ001 అనే పోర్టును చూస్తూ ఉంది, ప్రింటర్ ఇప్పుడు యూఎస్‌బీ002లో ఉంది. పాత పేరు ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్ తెరిచి టిక్‌ను రెండో దాని మీదకు మార్చండి. పని చేశాక ‘కాపీ 1’ను రిమూవ్ చేయండి. ‘లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్’ అన్నది ఆపేసి, మీ ప్రింటర్‌నే డిఫాల్ట్‌గా పెట్టుకోండి. లేకపోతే చివరిసారి దేనికి పంపితే అదే డిఫాల్ట్ అవుతుంది. ప్రింట్ కొడితే కాగితం రాకుండా ఫైలు ఎక్కడ సేవ్ చేయాలని అడుగుతోందంటే పని ‘ప్రింట్ టు పీడీఎఫ్’కు పోతున్నట్టు.

మధ్యలో ఆగడం కేబుల్ వల్లే. యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు గరిష్ఠ హద్దు 5 మీటర్లు, అదీ మంచి కేబుల్ అయితే. నాసి కేబుల్ 3 మీటర్లకే తడబడుతుంది. చిన్న ఉత్తరం వస్తుంది, ఫొటో ఉన్న పేజీ సగంలో ఆగుతుంది. ఒకటిన్నర, రెండు మీటర్ల కేబుల్ తీసుకుని, హబ్బు గానీ ఎక్స్‌టెన్షన్ గానీ లేకుండా సీపీయూ వెనక రంధ్రంలో పెట్టండి. ముందు రంధ్రాలు లోపల ఇంకో వైరుతో బోర్డుకు తగిలి ఉంటాయి, ఆ జాయింటు వదులయ్యేది ఎక్కువ. కాసేపు వాడకపోతే ప్రింటర్ మాయమవుతుంటే డివైస్ మేనేజర్లో యూఎస్‌బీ రూట్ హబ్, పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్ తీసేయండి.

ప్ర: నేను పదవీ విరమణ చేసి పదేళ్లయింది. ఆఫీసులో ఉన్నప్పుడు కొన్న చిన్న లేజర్ ప్రింటర్ ఇంకా నిక్షేపంగా ఉంది. మనవరాలు విండోస్ 11 లాప్‌టాప్ కొంది, దానికి తగిలిస్తే గుర్తు పట్టడం లేదు. పారేయమంటున్నారు. నిజంగా పారేయాల్సిందేనా?
– ఒక పెద్దాయన, బుచ్చిరెడ్డిపాళెం

జ: తొందరపడి పారేయకండి. మోడల్ పేరు రాయలేదు గానీ, మన జిల్లాల్లో ఇళ్లలో, చిన్న షాపుల్లో ఆ కాలంనుంచి నడుస్తున్నవి ఎక్కువగా కెనాన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ 1020, పీ1007 వంటివి. వీటికి ఒక స్వభావం ఉంది. పేజీని గీసే పని సొంతంగా చేయవు, అదంతా కంప్యూటర్లోని డ్రైవరే చేసి పెట్టాలి. కాబట్టి డ్రైవర్ సరిగ్గా లేకపోతే ఇవి పూర్తిగా మూగవి. హెచ్‌పీ 1020, పీ1007లు ఇంకో అడుగు ముందుకు పోయాయి. ప్రింటర్ ఆన్ చేసిన ప్రతిసారీ దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ కేబుల్ గుండా లోపలికి ఎక్కిస్తుంది. అందుకే లాప్‌టాప్ పూర్తిగా లేచాక ప్రింటర్ వేయడం మంచిది.

మనవరాలి చేత ముందు ఒకటి చూపించండి: సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్, అక్కడ ‘సిస్టమ్ టైప్’. అందులో ‘ఏఆర్‌ఎమ్ ఆధారిత ప్రాసెసర్’ అని ఉంటే ఆ లాప్‌టాప్‌కు పాత డ్రైవర్లు ఎక్కవు. మామూలు ప్రోగ్రాములను ఆ ప్రాసెసర్ ఎలాగో నడుపుకుంటుంది గానీ డ్రైవర్‌ను అలా నడపలేదు. అప్పుడు ఈ ప్రింటర్ను పాత కంప్యూటర్‌తోనే వాడుకోవాలి. ‘ఎక్స్64’ అని ఉంటే ఆశ ఉంది.

కెనాన్, హెచ్‌పీ సొంత సైట్లలో మోడల్ పేరుతో వెతికి 64-బిట్ డ్రైవర్ తీసుకోండి. వెతికినప్పుడు పైన కనిపించే ‘డ్రైవర్ అప్‌డేటర్’ సైట్ల దగ్గరకు వెళ్లవద్దు, అవి డ్రైవర్‌తో పాటు అక్కర్లేని సరుకు ఎక్కిస్తాయి. కేబుల్ తీసేసి ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. ‘ఇప్పుడు ప్రింటర్ తగిలించి ఆన్ చేయండి’ అని అడిగినప్పుడు మాత్రమే తగిలించండి. ముందే తగిలిస్తే విండోస్ తనకు తోచిన డ్రైవర్ వేసుకుని కూర్చుంటుంది, తర్వాత అసలుది వేసినా పోర్టు కుదరదు. అన్నీ చేసినా పేజీ రాకపోతే పైన పొదిలి వారికి చెప్పినట్టు పోర్ట్స్ ట్యాబ్‌లో యూఎస్‌బీ అని ఉన్న సరైన వరుస మీద టిక్ ఉందా చూడండి. ఎల్‌బీపీ 2900 విషయంలో ఎక్కువగా లోపం అక్కడే దొరుకుతుంది.

లాప్‌టాప్‌లో ‘విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్’ ఎవరైనా ఆన్ చేసి ఉంటే ఆపండి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 విడుదలతో మొదలైన ఏర్పాటు ఇది. ఆన్ చేస్తే కంపెనీ డ్రైవర్ కావలసిన ప్రింటర్లు ఏవీ పని చేయవు.

ఒక హెచ్చరిక కూడా. లేజర్ ప్రింటర్లో పొడిని కాగితం మీద కరిగించడానికి సుమారు 200 డిగ్రీల వేడి చేసే హీటర్ ఉంటుంది. అది రాజుకున్న క్షణంలో వందల వాట్లు లాగుతుంది. ఇంట్లో కంప్యూటర్ కింద పెట్టుకునే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు. లేజర్‌ను యూపీఎస్‌కు తగిలిస్తే యూపీఎస్ కీచుమని కూసి కంప్యూటర్‌తో సహా ఆపేస్తుంది. దీన్ని గోడ ప్లగ్గుకే పెట్టండి. ఇంక్ ట్యాంక్ ప్రింటర్లకు ఈ బాధ లేదు, అచ్చు వేసేటప్పుడు కూడా పది ఇరవై వాట్లు దాటవు.

ప్ర: ప్రింటర్ ఆన్ చేయగానే లోపలి డబ్బా ఒక పక్కకు వెళ్లి టకటకా కొట్టుకుంటోంది, తర్వాత ఎర్రర్ చూపించి ఆగుతోంది. కాపీ కూడా రావడం లేదు. మా వీధిలో గ్రానైట్ లారీలు పగలూ రాత్రీ తిరుగుతాయి, దుమ్ము వల్లే అంటారా?
– చీమకుర్తి పాఠకుడు

జ: దుమ్ము వల్ల అయ్యే అవకాశం చాలా ఎక్కువ. గెలాక్సీ రాయి కోసే ఊళ్లో పొడి ఎంత మెత్తగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కాపీ రావడం లేదు కాబట్టి కంప్యూటర్‌ను వదిలేసి ప్రింటర్ మూత తెరవండి.

ప్రింటర్ ఆపి, ప్లగ్ తీసి, టార్చి వెలుతురులో చూడండి. ఇంక్ వేసే హెడ్ ఉన్న డబ్బా ఒక బెల్టు మీద అటూ ఇటూ తిరుగుతుంది. ఆ దారిలో చిరిగిన కాగితం ముక్క, గుండుసూది, పిల్లల పెన్సిల్ ముక్క ఏదైనా ఉందేమో ముందు తీసేయండి. ఏమీ లేకపోతే బెల్టుకు సమాంతరంగా, డబ్బా వెనక భాగం గుండా పోయే సన్నటి పారదర్శక ఫిల్ము పట్టీ కనిపిస్తుంది. మామూలు చూపుకు బూడిదరంగు ప్లాస్టిక్‌లా ఉంటుంది గానీ, దగ్గరగా చూస్తే వెంట్రుక కన్నా సన్నటి నిలువు గీతలు పొడుగునా ఉంటాయి. డబ్బాలోని సెన్సర్ ఆ గీతలు లెక్కపెట్టుకుంటూ తాను ఎక్కడున్నదీ తెలుసుకుంటుంది. ఒకచోట ఇంక్ మరకో, దుమ్ము పొరో, గ్రీజు వేలిముద్రో పడిందంటే లెక్క తప్పుతుంది. అంచు వచ్చిందని తెలియక వెళ్లి గోడకు కొట్టుకుంటుంది. కెనాన్ వాటిలో ఈ స్థితికి 5100 అని, చిన్న తెర ఉన్న జీ సిరీస్‌లో పి02 అని చూపిస్తుంది.

కళ్లద్దాలు తుడిచే గుడ్డ తీసుకుని, ఒక మూలను ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడి చేసి, పిండండి. నీరు కారకూడదు. పట్టీని రెండువైపులా గుడ్డతో తేలిగ్గా పట్టుకుని పొడుగునా తుడవండి, తర్వాత పొడి మూలతో ఇంకోసారి. లాగకండి. ఒక చివర చిన్న స్ప్రింగు కొక్కేనికి తగిలి ఉంటుంది, ఊడితే తిరిగి పెట్టడం చాలా కష్టం. థిన్నర్, పెట్రోలు, శానిటైజర్ ముట్టించకండి, గీతలే చెరిగిపోతాయి. డబ్బా జారే ఇనుప కమ్మీకి ఉన్న గ్రీజును తుడిచేయకండి, ఆ చెయ్యితో పట్టీని తాకకండి.

మూత తీసి ఉండగానే కాగితం లాగే రబ్బరు రోలర్‌ను కూడా తడి గుడ్డతో తిప్పుతూ తుడవండి. దాని మీద పొడి పేరుకుంటే నునుపెక్కి జారుతుంది. ట్రేలో కాగితాలుండగానే ‘కాగితం లేదు’ అంటుంది. ఇది మీకే కాదు, సముద్రం ఒడ్డు ఊళ్ల వారికి కూడా పనికొస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో ట్రేలో వదిలేసిన కాగితాలు చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుని రెండు మూడు ఒకేసారి పోతుంటాయి. కట్టను దాని కవర్లోనే ఉంచి, అవసరమైన ఇరవై ముప్పై కాగితాలే పెట్టుకోండి.

ప్ర: వేసవి సెలవులకు ఊరెళ్లి రెండు నెలలకు వచ్చాం. కంప్యూటర్ నుంచి ప్రింట్ పోతోంది, కాగితమూ వస్తోంది, కానీ నీలం అసలు లేదు, నలుపు గీతలు గీతలుగా ఉంది. ట్యాంకులో ఇంక్ ఉంది. హెడ్ క్లీనింగ్ ఎనిమిదిసార్లు చేశాను.
– కందుకూరు పాఠకురాలు

జ: ఎనిమిది చాలా ఎక్కువ. వరుసగా చేసిన కొద్దీ ఇంక్ ఖర్చవుతుంది, గొట్టాల్లోకి గాలి రావచ్చు, వాడిన ఇంక్ పీల్చే ప్యాడ్ నిండుతుంది. పద్ధతి ఇది: నాజిల్ చెక్ (ఇంక్ వచ్చే సన్నటి రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూపే పరీక్ష పేజీ) ఒకటి, క్లీనింగ్ ఒకటి, మళ్లీ నాజిల్ చెక్. ఇలా మూడుసార్లు చేసి కుదరకపోతే ప్రింటర్ ఆపి, కనీసం 12 గంటలు ముట్టుకోకండి. ఆ వ్యవధిలో కొత్త ఇంక్ ఎండిన ఇంక్‌ను మెత్తబరుస్తుంది, బుడగలు పైకి పోతాయి. మర్నాడు ఇంకోసారి. అప్పటికీ నీలం రాకపోతే ఎప్సన్ వాటిలో ‘పవర్ క్లీనింగ్’ ఉంది, గొట్టాల్లోని ఇంక్ మొత్తం మారుస్తుంది. దానికి ముందు ప్రతి ట్యాంకూ కనీసం మూడో వంతు నిండి ఉండాలి. తక్కువుంటే ఇంక్ బదులు గాలి ఎక్కుతుంది. కెనాన్ జీ సిరీస్, హెచ్‌పీ ఇంక్ ట్యాంక్‌లలో హెడ్‌లను విడిగా కొని మనమే మార్చుకోవచ్చు. ఎప్సన్‌లో హెడ్ ప్రింటర్లో భాగం, సర్వీసు వారే మార్చాలి.

ఊరెళ్లేటప్పుడు ప్రింటర్‌ను ఎలా ఆపారు? స్విచ్ బోర్డు దగ్గర ఆపేస్తే ఇదే జరుగుతుంది. ప్రింటర్ మీది పవర్ బటన్ నొక్కి చెవి పెట్టి వినండి: హెడ్ జరిగి తన చోటికి చేరి ‘టక్’మని కూర్చుంటుంది. అక్కడ ఒక రబ్బరు మూత నాజిళ్లను గాలి తగలకుండా మూస్తుంది. ఆ శబ్దం ఆగి దీపం ఆరాకే బోర్డు స్విచ్ తీయాలి. పని మధ్యలో బోర్డు దగ్గర తీస్తే హెడ్ మూత లేకుండా ఉండిపోతుంది, మన మే నెల ఎండకు రెండు నెలలు కాదు, పది రోజులు చాలు ఎండిపోవడానికి. ఇంట్లో ఉన్నప్పుడు వారానికి ఒక రంగుల పేజీ వేస్తుంటే ఈ అవసరమే రాదు.

ప్ర: మీభూమి నుంచి 1-బీ తీసి ప్రింట్ ఇస్తే తెరమీద తెలుగు బాగుంది, కాగితం మీద ఒత్తులు ఊడిపోయి, కొన్నిచోట్ల డబ్బాలు పడుతున్నాయి.
– రైతు, కనిగిరి

జ: తెరమీద అక్షరాలు కూర్చేది ఒకరు, కాగితం మీద కూర్చేది ఇంకొకరు. ప్రింటర్ డ్రైవర్‌కు తెలుగు ఫాంటులోని ఒత్తుల లెక్క అందనప్పుడు ఇలా అవుతుంది. దాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేసి అడోబ్ రీడర్లో తెరవండి. ప్రింట్ నొక్కాక ‘అడ్వాన్స్‌డ్’ లోపల ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ టిక్ పెట్టండి. పేజీ అక్షరాలుగా కాక బొమ్మగా పోతుంది, తెరమీద ఉన్నట్టే దిగుతుంది. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. వర్డ్ ఫైలును వేరే చోట ప్రింట్ చేయించాలంటే ఆప్షన్స్, సేవ్ లోపల ఫాంట్లను ఫైలులోనే కలిపే టిక్ పెట్టుకుని తీసుకెళ్లండి.

ప్ర: పాత కంప్యూటర్‌కు ప్రింటర్ పెట్టి షేర్ చేశాం. మా అబ్బాయి లాప్‌టాప్ నుంచి కలపబోతే సున్నాలతో మొదలై చివర 11బి అని ఎర్రర్ వస్తోంది. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో) ఒక విలువ సున్నా చేస్తే పోతుందని వీడియోలో చెప్పారు. చేయమంటారా?
– దర్గామిట్ట, నెల్లూరు

జ: చేయకండి. ప్రింట్ స్పూలర్‌లో పెద్ద లొసుగులు బయటపడ్డ 2021లో, సెప్టెంబరు అప్‌డేట్లతో మొదలైన ఎర్రర్ ఇది. రెండు కంప్యూటర్లలో ఒకటి అప్‌డేట్ అయి, ఒకటి కాకపోతే మాటలు కుదరవు. ఆ విలువను సున్నా చేస్తే వేసిన తాళం తీసేసినట్టే. రెండింటికీ అప్‌డేట్లు పూర్తిగా వేయండి. పాతది విండోస్ 7 అయితే దానికి 2020 జనవరిలోనే మద్దతు ఆగిపోయింది, కొత్త అప్‌డేట్లు రావు. అలాంటప్పుడు లాప్‌టాప్‌లో ప్రింటర్‌ను మాన్యువల్‌గా చేర్చండి: ‘క్రియేట్ ఎ న్యూ పోర్ట్’, ‘లోకల్ పోర్ట్’, పోర్టు పేరు చోట రెండు వెనక్కి వాలిన గీతలు, పాత కంప్యూటర్ పేరు, ఇంకో గీత, ప్రింటర్ షేర్ పేరు. తర్వాత డ్రైవర్ ఎంచుకోండి. ప్రింటర్‌లోనే వైఫై ఉంటే మాత్రం ఈ షేరింగ్ మొత్తం మానేసి, రెండు కంప్యూటర్లనూ కావలి వారికి చెప్పిన పద్ధతిలో నేరుగా కలపండి. పాత కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాల్సిన పనీ తప్పుతుంది.

ప్ర: ప్రింటర్ ఒక్కసారిగా ఆగింది. ‘ఇంక్ ప్యాడ్ ఆయుష్షు ముగిసింది’ అని కంప్యూటర్లో వస్తోంది. ఇంటర్నెట్‌లో ఉచిత రీసెట్టర్ దొరుకుతోంది. అది వాడితే తిరిగి నడుస్తుందా?
– సింగరాయకొండ పాఠకుడు

జ: రెండు మూడు నెలలు నడవవచ్చు, తర్వాత బల్ల మీదకు ఇంక్ కారవచ్చు. హెడ్ క్లీనింగ్‌లో తీసిన ఇంక్ అంతా అడుగున ఉన్న దళసరి ప్యాడ్‌లోకి పోతుంది. ఎంత పోయిందో ప్రింటర్ లెక్క రాసుకుంటుంది. హద్దు రాగానే పొర్లకుండా తానే ఆగుతుంది. కెనాన్ వాటిలో ముందు 1700 లేదా ఇ08 అని హెచ్చరించి, తర్వాత 5బి00 లేదా పి07తో ఆగుతుంది. రీసెట్టర్ లెక్కను సున్నా చేస్తుంది, ప్యాడ్ మాత్రం తడిసి ముద్దగానే ఉంటుంది. పైగా ఉచితంగా దొరికే ఆ ప్రోగ్రాముల్లో చాలావాటితో వైరస్‌లు వస్తాయి. యాంటీవైరస్ ఆపేసి నడపమని అందులోనే రాసి ఉంటుంది చూడండి, అది చాలదా?

ప్యాడ్ మార్చడం, లెక్క సున్నా చేయడం రెండూ సర్వీసు సెంటర్లో ఒకేసారి చేయించండి. కెనాన్ జీ2020, జీ3020 వంటి కొత్త మోడళ్లలో ఎంసీ-జీ02 అనే మెయింటెనెన్స్ కాట్రిడ్జ్‌ను ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఎప్సన్ ఎల్6170 వంటి పెద్ద వాటిలోనూ అలాంటి పెట్టె ఉంది. కొత్తగా కొనేవారు ఈ సంగతి అడిగి కొనండి.

ఒంగోలుకు బండి మీద తీసుకెళ్తారేమో, అడ్డంగా పెట్టుకుని వద్దు. పవర్ బటన్‌తో ఆపి హెడ్ తన చోట కూర్చున్నాక, కాగితాలు తీసేసి, ట్యాంకు మూతలు గట్టిగా నొక్కి, ప్రింటర్‌ను బల్ల మీద ఉన్నట్టే నిటారుగా ఆటోలోనో కారులోనో పెట్టండి. ప్యాడ్ నిండుగా ఉంది కాబట్టి అడుగున పాలిథిన్ కవరు, దాని మీద పాత న్యూస్‌పేపర్లు మందంగా వేయండి. పక్కకు వంగితే ట్యాంకులోని ఇంక్ ఒక పక్కకు జరిగి గొట్టాల్లోకి గాలి చేరుతుంది. తిరిగి తెచ్చాక కాసేపు కదలకుండా ఉంచి, ముందు నాజిల్ చెక్ వేసి, ఆ తర్వాతే కంప్యూటర్‌కు తగిలించండి.